ఇస్త్రీ చేసిన ఉత్తరేణి

ప్రతి రాజ్యానికీ ఒక రాజ్యాంగం ఉన్నట్టే ఆ లాండ్రీకీ ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పెట్టాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే దాని కర్త, కర్మ, క్రియ అన్నీ ఇస్త్రీ బల్ల వెనక నిలబడ్డ ఒక్క మనిషే. ఆయన గడ్డిపోచ వాళ్ళ నాన్న.

బట్టకి ఒక మంచివైపూ ఒక వెనకవైపూ ఉంటాయనీ, వెనకవైపు లోకానికి చూపించేది కాదనీ ఆయన నమ్మకం. వేలాడే దారం కంటపడితే దాన్ని కత్తిరించందే ఆయనకి ముద్ద దిగదు. ఇక కట్టిన మూట సంగతి. ఇస్త్రీ అయిన బట్టల్ని కాగితంలో చుట్టి, దారంతో కట్టి, ముడి వేశాక ఆ ముడి విప్పే అధికారం బట్టలిచ్చినవాళ్ళకే ఉంటుంది, దేవుడు దిగొచ్చినా సరే. ఒకసారి బాబాయి, "నా బనీను ఇందులో కలిసిపోయిందేమో చూస్తానన్నయ్యా" అంటూ ఎవరిదో మూట విప్పబోయాడు. నాన్న ఆయనతో వారం పాటు మాట్లాడలేదు. బనీను మాత్రం ఆ సాయంత్రమే బాబాయి ఒంటిమీద దొరికింది.

ఫిర్యాదులకీ ఒక పద్ధతి ఉండేది. మరక పోలేదనో, కాలర్ కాలిందనో ఎవరైనా గొంతు పెంచితే నాన్న చెయ్యెత్తి ఆపేవాడు. "మాటలొద్దండీ. ఎక్కడో వేలు పెట్టి చూపించండి, చాలు." వాళ్ళు బల్ల మీద బట్ట పరిచి వేలు పెట్టేవాళ్ళు. ఆయన వంగి, కళ్ళు చికిలించి చూసేవాడు. తప్పు తనదైతే ఎప్పుడూ ఒకటే మాట: "మళ్ళీ చేసిస్తాను." సంజాయిషీల సరుకు ఆ కొట్లో దొరికేది కాదు.

గడ్డిపోచ ఈ రాజ్యంలోనే పుట్టి పెరిగింది. బడిలో ఆమెకి వేరే పేరుండేది గానీ, హాజరు పిలిచేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. గడ్డిపోచ అని పిలవడం మొదలుపెట్టింది బాబాయి. సన్నగా ఉంటుందని సగం, ఎప్పుడు చూసినా చేతిలో ఏదో గడ్డి ఉంటుందని సగం.

ఆ గడ్డి అలవాటు బట్టల్లోంచే వచ్చింది. ఉతికే ముందు జేబులు దులపడం, ప్యాంట్ల అంచుల మడతల్లో ఇరుక్కున్న చెత్త ఏరడం ఆమె పని. చిల్లర, తాళంచెవులు, చీటీలు ఒక డబ్బాలోకి పోయేవి. వాటి కోసం మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు. గింజల కోసం మాత్రం ఎవరూ రాలేదు. ఉత్తరేణి గింజలు వరసగా దారానికి గుచ్చినట్టు అంటుకుని వచ్చేవి. పల్లేరుకాయలు వేలికి గుచ్చుకుని, "మేమూ ఉన్నాం" అనేవి. ఇంకొన్ని నల్లగా, సన్నగా, కొసన రెండు కోరలతో ఉండేవి. అవి నీటి ఒడ్డున తప్ప మొలవవని ఆమె చాలాకాలం తర్వాత కనిపెట్టింది. అలా కనిపెట్టిన వారంలోనే, ఆఫీసులో ఊపిరాడని పని అంటూ రోజూ ఆలస్యంగా ఇంటికి చేరుతున్న బ్యాంకు గుమాస్తాగారి ప్యాంటు అంచుల్లో ఆ కోరల గింజలు దొరికాయి. ఆయన గాలం వేసుకుని కూర్చుంటున్నాడన్న సంగతి ఆయన భార్య కన్నా ముందు గడ్డిపోచకి తెలిసింది. వృత్తి ధర్మం కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

గింజల్ని పారెయ్యలేక నీలిమందు డబ్బాల్లో మట్టి పోసి నాటింది. బట్టలుతికే చోట గోడ మీద వరసగా డబ్బాలు వెలిశాయి. అమ్మ లాండ్రీ గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. లెక్కల్లో ఎంత నెమ్మదో మాటల్లో అంత దూకుడు. ఆ గోడని చూసి నుదురు కొట్టుకుంది.

"లోకంలో అందరూ కలుపు పీకుతారు. మనింట్లో కలుపుకి కుండీలు, నీళ్ళు, కబుర్లు!"

"కబుర్లు చెప్పట్లేదమ్మా."

"నిన్న పొద్దున ఆ పల్లేరుతో ఏదో అంటున్నావుగా?"

"గుచ్చుకుంటే తిట్టాను."

బడిలో సైన్సు మేడమ్ ఒకరు ఈ పిల్ల వాలకం కనిపెట్టింది. తన సొంత భూతద్దం చేతికిచ్చి, "ఆకు పైన చూస్తే ఏముంటుందే, పచ్చగా ఉంటుంది. తిరగేసి చూడు" అంది. గడ్డిపోచ ఉత్తరేణి ఆకుని తిరగేసింది. వెనకంతా తెల్లని నూగు, ఈనెలు, ఆ ఈనెల మూలల్లో కాపురం పెట్టిన ఏదో పురుగు తాలూకు గుడ్లు. అంత గొప్ప ఊరు ఒక ఆకు వెనక ఉంటుందని ఆమె అనుకోలేదు. వెనకవైపు లోకానికి చూపించకూడదన్న ఇంట్లో పుట్టి, ఆ రోజు నుంచి కంటపడ్డ ప్రతి ఆకునీ తిరగేయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. పెద్ద ఊళ్ళో మొక్కల చదువు చెప్పే కాలేజీ ఒకటుందనీ, అందులో సీటు కావాలంటే సొంతంగా సేకరించి, నొక్కి ఆరబెట్టిన మొక్కల కట్ట ఒకటి పట్టుకెళ్ళి, పెద్దల ముందు కూర్చుని జవాబులు చెప్పాలనీ మేడమ్ చెప్పింది. అన్నాల దగ్గర గడ్డిపోచ ఆ మాట బయటపెట్టింది.

"ఏం చదువుతావూ?" అంది అమ్మ.

"మొక్కలు."

"మొక్కల్ని చదవడానికి కాలేజీ ఎందుకే? గేదె ఏ కాలేజీలో చదివిందని దానికి పచ్చగడ్డికీ ఎండుగడ్డికీ తేడా తెలుస్తోంది?"

"గేదెకి ఉద్యోగం ఎవరిస్తారొదినా? దీనికైతే ఇస్తారు" అన్నాడు బాబాయి.

"నువ్వు మాట్లాడకు. నీకు ఎవరిచ్చారని?"

బాబాయి లాండ్రీ మూటలు సైకిలు మీద ఇంటింటికీ చేర్చేవాడు. అది ఉద్యోగం కిందికి వస్తుందా రాదా అన్న విషయంలో ఆ ఇంట్లో మొదటినుంచీ అభిప్రాయభేదాలున్నాయి.

ముద్ద కలుపుతున్న నాన్న, "ఇంతకీ ఆ చదువు చదివినవాళ్ళు రోజంతా ఏం చేస్తారమ్మా?" అన్నాడు.

గడ్డిపోచ తనకి తెలిసినంతలో చెప్పింది. "మొక్కల్ని తెచ్చి, కాగితాల మధ్య నొక్కి, తడి లేకుండా ఆరబెట్టి, అట్టలకి కుట్టి, బీరువాల్లో వరసగా దాస్తారు నాన్నా. ఎవరైనా వచ్చి అడిగితే తీసి చూపిస్తారు."

నాన్న ముఖం ఇస్త్రీ చేసినట్టు విప్పారింది. "నొక్కి, ఆరబెట్టి, వరసగా దాచడమా? అది మన పనేగా!"

ఆ ఒక్క ముక్కతో ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఒక్క ముక్కే తర్వాత కొంప ముంచింది.

మొక్కల సేకరణ మొదలైంది. బాబాయి తన వంతు సేవగా, మూట ఇచ్చిన ప్రతి ఇంట్లోంచీ ఒక గులాబీ కోసుకొచ్చేవాడు. "ఇవి కాదు బాబాయ్, దారి పక్కన మొలిచేవి కావాలి" అంటే ఆయన నొచ్చుకున్నాడు. "దొంగతనం చేసినా మంచి వస్తువు చేద్దామనుకున్నాను, నీకు రుచి లేదు" అన్నాడు. గడ్డిపోచ తనే మురుగుకాలవ గట్లూ, పాడుబడ్డ స్థలాలూ తిరిగి, మొక్కల్ని వేళ్ళతో సహా జాగ్రత్తగా పెకిలించి తెచ్చింది. పాత పేపర్ల మధ్య పరిచి, మేడమ్ చెప్పినట్టు ప్రతిదాంట్లో ఒకటి రెండు ఆకులు తిరగేసి పెట్టి, పైన బొగ్గుల బస్తాలు పెట్టింది. పురుగు తిన్న ఆకుల్ని అలాగే ఉంచింది. పురుగు కూడా చరిత్రే అని మేడమ్ మాట. రోజూ పేపర్లు మార్చి, ఆరాక కాండాల దగ్గర అట్టలకి కుట్టింది. లాండ్రీలో ఆవిరి ఎక్కువ కాబట్టి కొన్ని ఆకులు కాస్త ముడతలు పడ్డాయి. ఏం ఫరవాలేదనుకుంది.

ప్రయాణం రేపనగా ఆమె మేడమ్ దగ్గర సంతకం కోసం బడికి వెళ్ళింది. నాన్న ఖాళీగా ఉన్నాడు. ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ఇంకా ఉన్నాయి. కూతురు పట్టుకెళ్ళే కట్టని ఒక్కసారి, ఊరికే, తండ్రి హోదాలో చూద్దామనుకున్నాడు.

చూసి నిలువునా నీరైపోయాడు. ముడతలు! వేళ్ళకి మట్టి, పైగా అవి చిలవలు పలవలుగా వేలాడుతున్నాయి. ఆకుల్లో చిల్లులు. కొన్ని ఆకులైతే, ఎవరు ఏమనుకుంటారన్న భయం కూడా లేకుండా, వెనకవైపు చూపించి పడుకున్నాయి. తన బిడ్డ దీన్ని పట్టుకెళ్ళి చదువుకున్న పెద్దల ముందు పరుస్తుందా? లాండ్రీవాడి కూతురన్న సంగతి తెలిస్తే వాళ్ళు ఏమనుకుంటారు?

ఆ తర్వాత జరిగింది పూర్తిగా ప్రేమతో జరిగింది, అందుకే అంత సంపూర్ణంగా జరిగింది. ఆయన పెట్టెలో వేడి తగ్గించాడు. పట్టుబట్టలకి వాడే పలచని గుడ్డని పిండి, మొక్కల మీద కప్పి, ఊపిరి బిగబట్టి ఇస్త్రీ చేశాడు. నీరసంగా ఉన్నవాటికి పలచటి గంజి పట్టించాడు. తిరగబడ్డ ఆకుల్ని పిన్నుతో మంచివైపుకి తిప్పాడు. చిల్లుల ఆకుల్ని తీసేశాడు. చివరగా దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి, వేలాడుతున్న వేళ్ళన్నిటినీ కాండం అంచుకి సమంగా, గీత గీసినట్టు కత్తిరించాడు. ఒక్కో అట్టకీ పలచని కాగితం చుట్టి, అన్నీ పేర్చి, మూట కట్టి, ముడి వేశాడు. ఆ ముడి ఆయన జీవితంలో వేసిన ముడులన్నిటిలోకీ అందమైనదని బాబాయి సాక్ష్యం.

గడ్డిపోచ ఇంటికొచ్చి మూట చూసింది. "ఇది ఎవరు కట్టారు?"

"నేనే. చక్కగా సర్దాను. ఇప్పుడు విప్పకు, నలుగుతుంది. అక్కడే విప్పు."

కట్టిన మూట విప్పకూడదు. ఆమె విప్పలేదు. బస్సులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లని మోసినట్టు మోసింది. అసలు ఈ మూటకి సరుకిచ్చిన మనిషి తనే కదా, విప్పే అధికారం తనదే కదా అన్న వాదన ఆమెకి తట్టింది గానీ, ఎన్నో ఏళ్ళ తర్వాత.

నాన్న గది బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు ప్రొఫెసరు, ఆయనకి ఒక పక్క ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఒక మేడమ్, ఇంకో పక్క భోజనం ఎప్పుడని ఆలోచిస్తున్న ఒకాయన. ప్రొఫెసరు ముడి విప్పాడు. గదంతా ఒక వాసన పరుచుకుంది.

"ఇది... గంజి కదూ?" అన్నాడు భోజనం ఆయన, తిండి సంగతి కాబట్టి ముందుగా గుర్తుపట్టి.

ప్రొఫెసరు మొదటి అట్ట ఎత్తి వెలుతురుకి పెట్టాడు. "వేళ్ళేవమ్మాయ్?"

రెండోది. మూడోది. మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఈ ఆకులన్నీ ఒకేవైపు చూస్తున్నాయేం? బడిలో ప్రార్థనకి నిలబెట్టినట్టు! వెనకవైపు ఎలా ఉంటుందో మేం ఊహించుకోవాలా?"

గడ్డిపోచ వంగి చూసింది. తన ఉత్తరేణి. నున్నగా, తళతళలాడుతూ, పెళ్ళికొడుకు చొక్కాలా ఉంది. కాండం కింద అంచు తిన్నగా తెగి ఉంది. అలా కత్తిరించే చెయ్యి లోకంలో ఒకటే. ఆమె చూపు తలుపు వైపు పోయి వెనక్కి వచ్చింది.

"ఎవరు చేశారిది?" అన్నాడు ప్రొఫెసరు.

నేనే అంటే మూర్ఖురాలవుతుంది. నాన్న అంటే ఆయన్ని ఈ ముగ్గురి ముందూ బల్ల మీద పరిచినట్టవుతుంది. "మాది లాండ్రీ అండీ" అంది. అది ఆయన అడిగినదానికి జవాబు కాదు. కానీ ముగ్గురికీ అర్థమైంది. భోజనం ఆయన పకపకా నవ్వాడు. ప్రొఫెసరు నవ్వలేదు.

"సరే, కట్ట పక్కన పెడదాం. నీకేం తెలుసో నువ్వే చెప్పు."

తల దించుకున్న మనిషికి ఎదుటివాళ్ళ పాదాలే కనిపిస్తాయి. బల్ల కింద ప్రొఫెసరుగారి ప్యాంటు అంచులు కనిపించాయి. మడతలో నల్లగా, కొసన రెండు కోరలతో గింజలు. గడ్డిపోచకి ప్రాణం లేచొచ్చింది. ఆ మొక్క ఎలా ఉంటుందో, పువ్వు ఏ రంగో, ఆకు అంచు ఎలా కోసుకుని ఉంటుందో, గింజకి కోరలెందుకో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అక్కడ ఆపి ఉంటే బాగుండేది. ఊపులో ఇంకో మాట జారింది. "మీరు నిన్న నీటి ఒడ్డుకి వెళ్ళారండీ. చేపల కోసం అయ్యుంటుంది."

భోజనం ఆయన వంగి బల్ల కిందికి చూశాడు.

"ఇది మా బావమరిది ప్యాంటు" అన్నాడు ప్రొఫెసరు మెల్లగా. "నాది లాండ్రీలో ఉంది."

ఈసారి మేడమ్ కూడా నవ్వేసింది. ప్రొఫెసరు వంగి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఆఫీసు పని మీద వచ్చానన్నాడే వీడు..." అని గొణుక్కుని, తలెత్తి, "మొక్కని సరిగ్గా చెప్పావు. మనిషిని తప్పు చెప్పావు. ఇక్కడ మనుషుల్ని చదవం కాబట్టి అది పెద్ద నేరం కాదు. కానీ వేళ్ళు లేని కట్ట మీద సీటు ఇవ్వలేం. వచ్చే ఏడాది రా. వేళ్ళతో రా. ప్రతి మొక్కకీ ఒక్క ఆకైనా తిరగేసి పట్టుకురా" అన్నాడు.

తిరుగు బస్సులో గడ్డిపోచ, ఎలాగో మళ్ళీ కట్టిన మూటని ఒళ్ళో పెట్టుకుంది. నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక, "విప్పారా? మడత నలగలేదు కదా?" అని అడిగాడు.

"నలగలేదు నాన్నా."

"సీటు?"

ఈ మనిషితో అబద్ధం చెప్పడం తేలిక. సీట్లు తక్కువనో, సిఫార్సులున్నాయనో అంటే నమ్మేస్తాడు, వాళ్ళని నాలుగు తిడతాడు, వచ్చే ఏడాది మళ్ళీ ఇంతకన్నా బాగా ఇస్త్రీ చేస్తాడు. నిజం చెబితే ఆయన చేతి పనిని, ఆయన్ని నిలబెట్టిన ఒకే ఒక్కదాన్ని, తప్పు పట్టినట్టవుతుంది. బస్సు రెండు ఊళ్ళు దాటేదాకా ఆమె ఈ రెంటి మధ్యా నలిగింది. చివరికి ముడి విప్పింది. ఉత్తరేణి అట్ట తీసి ఇద్దరి ఒళ్ళోనూ పరిచింది. కాండం తెగిన చోట వేలు పెట్టింది.

నాన్న వంగి, కళ్ళు చికిలించి చూశాడు. కాలర్ మీద మరక చూసినట్టే చూశాడు. "వేళ్ళు కావాలా?" అన్నాడు.

ఆమె తలూపింది. వేలు జరిపి ఒక ఆకు మీద పెట్టింది. గోటితో దాన్ని మెల్లగా తిరగేసింది. గంజికి అది పెళుసెక్కి ఉంది, అంచు పుటుక్కుమంది.

"అది వెనకవైపు కదమ్మా."

"వెనకవైపే చూస్తారట నాన్నా. ఒక్క ఆకుదైనా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. దారి పక్కన కిలోమీటర్ల కొద్దీ పేరులేని గడ్డి, వేళ్ళతో సహా, వెనక్కి పరిగెడుతోంది. ఇటు తిరిగి, బల్ల అవతలి మనిషితో అన్నట్టే అన్నాడు.

"మళ్ళీ చేసిస్తాను."

అట్టని మళ్ళీ కట్టలో పెట్టి, మూట కట్టి, అదే ముడి వేసి ఆమె చేతికిచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మ సంగతంతా విని, గేదె ఊసెత్తలేదు. నాన్న మీద పడింది. "పెట్టె చేతికి దొరికితే మనిషినైనా మడతపెట్టేస్తావు కదయ్యా! పిల్ల గడ్డి దాని ఇష్టం, నీకెందుకు?" గడ్డిపోచ చదువుకి అమ్మ సమ్మతి తెలిపిన తీరు అది. అంతకన్నా స్పష్టంగా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడాది బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకి లాండ్రీలో నాన్న కనిపించకపోతే, కాలవ గట్టు మీద గొంతుక్కూర్చుని కనిపించేవాడు. మొక్క చుట్టూ మట్టి గుల్లచేసి, ఒక్క వేరు తెగకుండా పైకి తీసేవాడు. పట్టుబట్టలు జాడించే తొట్టిలో, చల్లని నీళ్ళలో వేళ్ళని కడిగేవాడు. "కొట్టు మూసేశావా ఏంటయ్యా?" అని బ్యాంకు గుమాస్తాగారు అడిగితే, "ఒక ఫిర్యాదు ఉందండీ. చూస్తున్నాను" అన్నాడు. వేళ్ళని కాగితం మీద పరిచి, ఒక్కో పోగునీ పిన్నుతో విడదీసి, తల దువ్వినట్టు సర్దేవాడు. ఇస్త్రీ పెట్టెని మాత్రం ఆ గదిలోకి రానివ్వలేదు. ఆకు తిరగేసే పని వచ్చినప్పుడు ఆయన కాస్త ఇబ్బంది పడేవాడు. ఒక ఆకుని వెనక్కి తిప్పి, మర్యాద కోసం ముఖం పక్కకి తిప్పుకుని, "ఒక్కటి చాలు కదా? రెండోది వద్దులే" అనేవాడు.

మరుసటి ఏడాది సీటు వచ్చింది. ఆ రోజు ప్రొఫెసరు సొంత ప్యాంటే వేసుకున్నాడు. అంచులు శుభ్రంగా ఉన్నాయి. గడ్డిపోచ ముందుగా అదే చూసింది.

తర్వాతి జీవితం చెప్పుకోవడానికి పెద్దగా లేదు. చదివింది, మొక్కల అట్టలు దాచే భవనంలో ఉద్యోగం వచ్చింది, అక్కడే తల నెరిసింది. కొత్త మొక్క ఒక్కటీ కనిపెట్టలేదు. ఏ మొక్కకీ ఆమె పేరు పెట్టలేదు. ఆమె పేరు రాసి ఉన్నది ఆ భవనంలో ఒక్క టీ కప్పు మీద. దూరాల నుంచి ఎవరెవరో పంపే మొక్కల్ని సర్ది, కుట్టి, బీరువాల్లో పెట్టింది. కొత్తగా చేరిన పిల్లలకి రెండే ముక్కలు చెప్పేది: వేళ్ళు కొయ్యకండి, గంజి వాడకండి. గంజి ఎవరు వాడతారు మేడమ్ అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. ఆమెని గడ్డిపోచ అని పిలిచే మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. నాన్న పోయాక లాండ్రీ ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు వెలిసింది. ఒకసారి పని ఉన్నట్టు లోపలికి వెళ్ళి నిలబడింది. నిప్పుల వాసన, తడిబట్టల ఆవిరి, నీలిమందు చల్లదనం, వీటిలో ఏదైనా ఒక్కటి గోడల్లో మిగిలి ఉంటుందేమోనని. లేదు. కొట్టతను ఫోనుకి ఏమైందని అడిగాడు. ఏం కాలేదని చెప్పి వచ్చేసింది.

ఉద్యోగం ముగిసే వారంలో తన గది ఖాళీ చేస్తూ, అడుగు అరలోంచి ఆ మూట తీసింది. నాన్న బస్సులో కట్టిన ముడి అలాగే ఉంది. ఇన్నేళ్ళూ విప్పలేదు. వేళ్ళు లేని మొక్కలు కాబట్టి బీరువాల్లోకి ఎక్కే అర్హత వాటికి లేదు. వాటిని పారేయడానికి ఆమెకి మనసు రాలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, సరుకిచ్చింది నేనేగా అనుకుని, ముడి విప్పింది.

లోపల పెద్దగా ఏమీ లేదు. నాన్న గంజి పురుగులకి బాగా నచ్చింది. తరాల తరబడి కూర్చుని తిన్నాయి. ఆకుల్లో ఈనెలు మిగిలాయి, పువ్వులు పొడి అయ్యాయి. ఉత్తరేణి కాండం మాత్రం ఉంది, కింద అంచు తిన్నగా, గీత గీసినట్టు తెగి. చుట్టిన పలచని కాగితం మడత ఎక్కడా నలగలేదు.

ఆమె ఆ తెగిన చోట వేలు పెట్టింది. అలవాటు కొద్దీ జవాబు కోసం కాసేపు ఆగింది.

తర్వాత అట్టలన్నీ పేర్చి, కాగితం చుట్టి, దారం తీసుకుని ముడి వేసింది. నాన్న వేసినట్టు రాలేదు. విప్పి మళ్ళీ వేసింది.